లోపలి గడియ

మ్యూజియం పెద్ద హాల్లో, ఎర్ర తాడుకు అవతల, నడుం విరిగిన గొడ్డులా కూలబడ్డ ఆ గుడిసెను చూడగానే గడ్డి మేస్త్రీకి నవ్వొచ్చింది. చావింట్లో నవ్వినట్టుంటుందని దగ్గు తెచ్చిపెట్టుకున్నాడు. పక్కనున్న ఆఫీసరమ్మ దాన్ని దుఃఖం అనుకుంది కాబోలు, చేతిలోని నీళ్ళ సీసా మూత తీసి మరీ అందించింది.

"మీకు కష్టంగానే ఉంటుంది. మీ తాతగారు కట్టిన ఇల్లు కదా," అంది మెల్లగా.

"మా తాత కట్టిందేనమ్మా," అన్నాడు మేస్త్రీ నీళ్ళు తాగి. ఇల్లు అన్న మాట మాత్రం నోట రానివ్వలేదు.

చెదలు గుంజలను లోపల్లోపలే తినేశాయి. పైన రంగు పూసి, మందు కొట్టి, ఏటేటా దులిపి పెట్టుకున్నారు గానీ పిండైపోయిన కర్ర ఎన్నాళ్ళని మోస్తుంది? ఒక మధ్యాహ్నం, బడిపిల్లలు అలా వెళ్ళారో లేదో, కప్పు దానంతటదే చతికిలబడింది. మ్యూజియం వాళ్ళకు అదీ మంచికే వచ్చింది. ఎటూ ఆ హాలంతా మార్చేద్దామని అనుకుంటున్నారు.

"ఇన్నాళ్ళూ మిమ్మల్ని దొరల కళ్ళతో చూపించాం. అది తప్పు," అంది ఆఫీసరమ్మ. "మీ ఇల్లు మీరే కట్టాలి. మీ పద్ధతిలో కట్టాలి. ఇక మీ కళ్ళతో చూపిస్తాం."

"నా కళ్ళకి శుక్లాలొస్తున్నాయమ్మా. సర్లెండి, చేతులు బాగానే ఉన్నాయి."

చేతులకు పని తక్కువేం లేదు. గడ్డి కప్పులు వేయడం వాళ్ళ కుటుంబానికి తాతల నాటి విద్య. గుడిసెలో పుట్టినవాడు రేకుల కిందికి చేరాడు గానీ, మేడలో పుట్టినవాడు గుడిసెలో కూర్చుని కాఫీ తాగడానికి కారేసుకుని వస్తున్నాడు. అలాంటి హోటళ్ళకు కప్పులు వేసి మేస్త్రీ ఇంత సంపాదించుకుంటున్నాడు. తనుండేది మాత్రం రేకుల ఇంట్లోనే.

నవ్వెందుకొచ్చిందంటే, అక్కడ కూలిపోయింది ఇల్లు కాదు. మేకల కొట్టం.

దొరల కాలంలో, తాము ఏలే జాతులన్నిటినీ ఒకే కప్పు కింద చూసుకోవాలని దొరలకు ముచ్చట పుట్టింది. ఒక్కో జాతిది ఒక్కో ఇల్లు మ్యూజియంలో కట్టించాలన్నారు. మేస్త్రీ తాతను పట్టుకొచ్చి, "మీరు ఎలాంటి ఇంట్లో ఉంటారో అచ్చం అలాంటిదే కట్టు. వెంట్రుకవాసి తేడా రాకూడదు," అని హుకుం వేశారు. తాతకు ఒళ్ళు మండింది. నా ఇల్లు నడిబజార్లో పెట్టమనడానికి వీడెవడు అనుకున్నాడు. పైకి "చిత్తం దొరా" అన్నాడు. అని, మేకల కొట్టం కట్టాడు. చూరు నడుం దాకా దించాడు. మూత్రం పారేలా నేల వాలుగా చేశాడు. ముందువైపు తలుపు లేదు, రెండు గుంజలకు గాడి తీసి అడ్డకర్రలు దూర్చాడు. దొర టేపు పెట్టి అంగుళం అంగుళం కొలుచుకున్నాడట. ఈ జాతివాళ్ళు వంగి నడవడానికి కారణం ఇళ్ళ గుమ్మాలు పొట్టిగా ఉండటమేనని పుస్తకం కూడా రాశాడట. ఇది చెప్పుకుని మేస్త్రీ వాళ్ళింట్లో మూడు తరాలు కడుపు చెక్కలయ్యేలా నవ్వాయి.

నవ్వు అక్కడితో ఆపేవాళ్ళు. ఎందుకంటే కథ అక్కడితో ఆగలేదు.

పని పూర్తయ్యాక దొర చప్పట్లు కొట్టి, "భేష్. ఇక లోపలికి పదండి," అన్నాడు. మ్యూజియం అంటే వస్తువులు పెట్టే చోటనే ముసలాడు అనుకున్నాడు. మనుషుల్నీ పెడతారని ఆయనకు ఎవరు చెప్పారు? భార్యనీ, ఆరేడేళ్ళ కూతుర్నీ, చంకలో పసివాణ్ణీ తెప్పించారు. చలికాలం అంతా ఆ కొట్టంలో కూర్చోబెట్టారు. ఇది మేకలది దొరా అంటే వీపు చిట్లుతుంది. అనకపోతే పెళ్ళాం బిడ్డలు మేకల్లా కూర్చోవాలి. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. ఆ చలికాలం తర్వాత తాత ఎవరితోనూ సరిగా మాట్లాడలేదంటారు. చంకలో ఉన్న పసివాడు మేస్త్రీ తండ్రి. ఆయన ఎప్పుడో పోయాడు. ఆ ఆరేడేళ్ళ కూతురు మాత్రం ఇంకా ఉంది.

*

మేస్త్రీ ఇంటికి వచ్చేసరికి మేనత్త గోడకానుకుని మంచం మీద కూర్చుని, గ్లాసులో టీ ఊదుకుంటోంది. మొగుడు పోయిన దగ్గర్నుంచీ తమ్ముడి పంచనే ఉండి, ఇప్పుడు మేనల్లుడి పంచన చేరింది. కాళ్ళలో సత్తువ పోయింది, పళ్ళు పోయాయి, నోరు మాత్రం పోలేదు.

"ఏరా, ఆ పాపిష్టి కొట్టం పడిపోయిందటగా? నాకంటే ముందే పోయిందన్నమాట."

"మళ్ళీ కట్టమంటున్నారత్తా."

"మళ్ళీ కొట్టమేనా?"

"కాదు, ఇల్లే. మన అసలు ఇల్లు."

"అయితే ఈసారి అందులోకి ఎవర్ని తోలతారు?"

లోపల గదిలో మెళ్ళో కార్డు తీస్తున్న మేస్త్రీ కూతురు బయటకు వచ్చింది. ఆ పిల్ల మ్యూజియంలోనే గైడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

"ఎవర్నీ తోలరు అమ్మమ్మా. నేనే బయట నిలబడి వచ్చినవాళ్ళకి చెప్తాను. మన గురించి మనమే చెప్పుకోవడం అన్నమాట."

"ఈ బట్టల్లోనేనా?"

కూతురు నసిగింది. "కాదు... దొరలు తీసిన ఫోటోలో ఉన్నవాటిలాంటివి కుట్టిస్తున్నారు."

"ఫోటోలో మా అమ్మకి పైన బట్ట లేదు. ఒంటి మీదున్నది తీయించి మరీ ఫోటో తీశారు, అప్పుడే అసలు సిసలుగా ఉంటుందని. నీకు కుట్టిస్తారా, లేక నీదీ తీయిస్తారా?"

"అబ్బా, అమ్మమ్మా!"

"అడిగాను, అంతే. అడిగితే పాపమా?"

ఆ ఫోటో మేస్త్రీ ఆ రోజే చూశాడు. గోడంత పెద్దది చేసి హాల్లో బిగించారు. అడ్డకర్రల వెనక నానమ్మ, ఒళ్ళో నాన్న, పక్కన మోకాళ్ళ మీద గడ్డం ఆనించి ఈ అత్త, అడ్డకర్రల బయట కర్రతో ఒక కాపలావాడు. అత్త కళ్ళు సగం మూసి ఉన్నాయి. దొరల కాలంలో ఆ ఫోటో కింద, ఈ జాతి పిల్లలకు చురుకుదనం తక్కువ అని రాసి ఉండేదట. ఇప్పుడు అది పీకేసి కొత్తది పెట్టారు.

"ఏమని పెట్టారే?" అంది అత్త.

కూతురు గైడు గొంతుతో చదివినట్టే చెప్పింది. "ఈ పసికళ్ళలో తరతరాల మౌనవేదన."

అత్త టీ గ్లాసు కింద పెట్టి నవ్వింది. పళ్ళు లేని నవ్వు, బుడగలు పొంగినట్టు వచ్చింది. "వేదనా పాడా! నిద్రే తల్లీ. నిద్రొచ్చి చస్తున్నాను. పొద్దున్నే లేపి కూర్చోబెట్టేవాళ్ళు, దీపాలు పెట్టేదాకా జనమే జనం. ఎండ లోపలికి పడేది, కళ్ళు వాలిపోయేవి. కునుకు పట్టగానే కాపలావాడు కర్రతో అడ్డకర్ర మీద టకటకా కొట్టేవాడు. టిక్కెట్టు కొన్నది నిద్రపోయేదాన్ని చూడ్డానికి కాదట. మా తమ్ముడికి పాలిద్దామని మా అమ్మ గోడవైపు తిరిగితే కూడా అదే కర్ర. ఇటు తిరుగు, ఇటు తిరుగు..."

నవ్వు ఎక్కడ ఆగిందో తెలియలేదు. గ్లాసు తీసుకుని చల్లారిన టీ ఒక గుక్క తాగింది.

"ఒరేయ్ అబ్బాయ్. కడితే తలుపున్న ఇల్లు కట్టు. తలుపుకి లోపల గడియ పెట్టు. అది కుదరదన్నారనుకో, చేతులు కడుక్కుని వచ్చెయ్. మేకకి కావాలి అడ్డకర్ర. మనిషికి తలుపు కావాలిరా."

"పెడతానత్తా."

"ఒట్టు?"

"ఒట్టే."

*

అసలు ఇల్లు ఎలా ఉండేదో మేస్త్రీ కళ్ళారా చూసింది లేదు. తాతతోనే అవి ఆఖరు. అత్త మంచం మీద కూర్చుని గాలిలో చెయ్యి తిప్పుతూ, "కప్పు ఇదిగో ఇంత ఏటవాలు, గడప ఇంత ఎత్తు, గుమ్మం మా నాన్న తల తగలనంత," అని చెబుతుంటే దాన్నే మనసులో పెట్టుకుని పెద్దసారు గదికి వెళ్ళాడు. పెద్దసారంటే మ్యూజియం మొత్తానికి పెద్ద. గది గోడల నిండా ఎవరెవరివో కొయ్య ముఖాలు, అన్నీ నోళ్ళు తెరిచి ఉన్నాయి. చలి పెట్టినట్టు ఏసీ.

"తలుపా!" అన్నాడు పెద్దసారు సంబరంగా. "చాలా బాగుంది. పాతదానికి అది లేనే లేదు. దొరలు తీసేసి ఉంటారు. తలుపు చెక్కించండి, మంచి పనితనంతో. బార్లా తెరిచి పెడదాం."

"మూసి పెడదామండి."

"మూస్తే జనం ఏం చూస్తారు?"

"తలుపు చూస్తారండి."

"మరి లోపల?"

"లోపలిది లోపలే ఉంటుందండి. అందుకే దాన్ని లోపల అన్నారు."

ఆఫీసరమ్మ తల వంచుకుని కాగితాలు సర్దుకుంది. నవ్వుతోందో, భయపడుతోందో మేస్త్రీకి తెలియలేదు.

పెద్దసారు మంచివాడే. కోప్పడలేదు. దారులు వెతికాడు. తలుపు సగం తీసి పెడితే? కళాత్మకంగా ఉంటుంది. లేదా తలుపు మూసే ఉంచి, వెనక గోడకు నిలువెత్తు అద్దం బిగిస్తే? అదీ కాకపోతే లోపల చిన్న కెమెరా పెట్టి, బయట తెర మీద చూపిస్తే?

"వెనక అద్దం పెట్టాక ముందు తలుపెందుకండీ? గోచీ పెట్టి వెనక చింపుకున్నట్టు."

"చూడండి మేస్త్రీగారూ. మేం మీ గొంతుకి వేదిక ఇద్దామనుకుంటున్నాం."

"ఇచ్చారు కదండీ. మా గొంతు తలుపేసుకుంటానంటోంది."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "మీ అమ్మాయి చాలా చురుకైంది. ఆవిడ ఉద్యోగం సంగతి పైవాళ్ళతో మాట్లాడుతున్నాం. ఈ హాలు బాగా వస్తే మాకూ అడగడానికి బావుంటుంది."

మాట మెత్తగానే ఉంది. పువ్వుల్లో చుట్టిన రాయి తగిలితే మాత్రం నొప్పి తగ్గుతుందా? మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "అమ్మాయి ఉద్యోగం అమ్మాయిదండి. తలుపు నాది," అని బయటకు వచ్చాడు. వచ్చాక కూతురు గుర్తొచ్చింది. ఒక్కగానొక్క పిల్ల.

ఆఫీసరమ్మ వెనకే వచ్చింది. వరండాలో ఎవరూ లేకుండా చూసి అడిగింది.

"నేను పాతదాన్ని కొలిచాను. నేల వాలుగా ఉంది. గుమ్మంలో మనిషి నిలబడలేడు. అది ఇల్లు కాదు కదా?"

"మీరేమనుకుంటున్నారు?"

"మేకలదనుకుంటున్నాను."

మేస్త్రీ ఆవిడ వంక మొదటిసారి సరిగ్గా చూశాడు. "బోర్డు మీద రాస్తారా?"

"మీరు ఔనంటే రాస్తాను. మీ తాతగారు దొరల్ని ఎలా బోల్తా కొట్టించారో అందరికీ తెలియాలి. అది మీకు గౌరవమే."

"వద్దమ్మా. ఈ మ్యూజియంలో మావి చాలా ఉన్నాయి. గిన్నెలున్నాయి, బుట్టలున్నాయి, నానమ్మ ఫోటో ఉంది. అన్నీ మీరు తీసుకున్నవే. మా అంతట మేం ఇష్టపడి పెట్టింది ఆ ఒక్క అబద్ధమే. అది కూడా తీసుకుంటారా?"

ఆవిడ చేతిలో పెన్ను మూత పెట్టుకుంది.

*

పని మొదలైంది. గుంజలు పాతాడు, దూలం ఎత్తాడు, వాసాలు కట్టాడు, గడ్డి మోపులు విప్పి చూరు నుంచి పైకి వరస మీద వరస పరుచుకుంటూ పోయాడు. హాలంతా గడ్డి వాసన కమ్ముకుంది. చుట్టూ అద్దాల పెట్టెల్లో బిగుసుకున్న వస్తువుల మధ్య బతికున్న వాసన అదొక్కటే. అంతా అయ్యాక, కప్పు నడినెత్తిన వేయాల్సిన కొప్పు ఒక్కటే మిగిలింది. అప్పుడు నిచ్చెన దిగి, చేతులు దులుపుకుని, గడప మీద కూర్చున్నాడు.

"కొప్పెప్పుడు వేస్తారు?" అన్నాడు పెద్దసారు, రెండు రోజులు చూసి.

"తలుపు పెట్టిన రోజునండి."

"పైనుంచి ఆకాశం కనిపిస్తోంది! వచ్చే వారం బయటి దేశం నుంచి అతిథి వస్తున్నాడు!"

"ఆకాశం కాదండి, మీ హాలు సీలింగు."

పెద్దసారు వేరే మేస్త్రీలకు కబురు పెట్టాడు. ఆ చుట్టుపక్కల గడ్డి కప్పేవాళ్ళంతా ఈ మేస్త్రీ చేతి కింద తిట్లు తిని పని నేర్చుకున్నవాళ్ళే. ఒకడికి జ్వరం వచ్చింది, ఒకడి నిచ్చెన విరిగింది, ఒకడు ఫోనే ఎత్తలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో కూతురు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుంది. ముఖం గంటు పెట్టుకునే ఉంది.

"నాన్నా, అందరూ నన్నే అంటున్నారు. మీ నాన్న పంతం వదలడా అని."

"ఏమన్నావ్?"

"ఏమంటాను? నేను లోపల ఉండి ఒక్కోటీ మారుద్దామనుకుంటున్నాను. నువ్వు బయట నిలబడి తలుపేస్తానంటావు."

"నువ్వు లోపల ఉన్నావా, నిన్ను లోపల పెట్టారా?"

అన్న తర్వాత నాలుక కరుచుకున్నాడు. కానీ పిల్ల ఊరుకునే రకమా! ఆ నోరు ఎవరి నోరని?

"ఆహా! మరి హోటళ్ళకి గుడిసెలు కట్టిచ్చింది ఎవరు? అక్కడ కాఫీలందించే వాళ్ళకి మన బట్టలేసి నిలబెడితే, చూసి నిచ్చెన భుజానేసుకుని వచ్చింది ఎవరు? అప్పుడు ఏమైంది ఈ తలుపు?"

మేస్త్రీ కంచంలో వేళ్ళతో గీతలు గీశాడు.

"నిజమే," అన్నాడు. "అక్కడ ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోలేను. అక్కడ కూర్చోబెట్టింది మా నానమ్మనీ అత్తనీ కాదు. ఇక్కడ కూర్చోబెట్టారు. నీ ఉద్యోగం పోతే నన్ను తిట్టుకో. తిట్టించుకుంటాను. కానీ తలుపు లేకుండా కొప్పు వెయ్యను."

కూతురు కంచం తీసుకుని లేచింది. కుళాయి దగ్గర గిన్నెలు ఎక్కువగానే చప్పుడయ్యాయి. కాసేపటికి అక్కడి నుంచే అడిగింది.

"గడియ కర్రదా, ఇనపదా?"

"ఇనపది."

"తుప్పు పడుతుంది. కర్రది పెట్టు."

మర్నాడు పెద్దసారు దిగొచ్చాడు. తలుపు పెట్టుకోవచ్చు, అయితే అతిథి వచ్చే రోజు తెరిచే ఉండాలి, తర్వాత సంగతి కమిటీ చూస్తుంది అన్నాడు. "ఆ రోజు సంగతి ఆ రోజు చూద్దాం లెండి," అన్నాడు మేస్త్రీ. మడతబందులు లోపలివైపు వచ్చేలా తలుపు బిగించాడు. చేతి మణికట్టంత లావు కర్ర గడియ చెక్కి, నూనె రాసి, అటూ ఇటూ జరిపి చూసుకున్నాడు. ఆ తర్వాతే కొప్పు వేశాడు.

తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ ఆ గడియ మీద వేలు రాసింది.

"బయట ఏమీ లేదు. లోపలే ఉందేం?"

"మీ ఇంట్లో ఎక్కడుంటుందమ్మా?"

ఆవిడ వేలికంటిన నూనె చేతిరుమాలుకు తుడుచుకుంది. కాగితం మీద అన్నిటికీ టిక్కులు పెట్టి వెళ్ళిపోయింది.

*

ఆ రోజు హాలు కిటకిటలాడింది. దొరల దేశం నుంచి, అక్కడి పెద్ద మ్యూజియం అధికారి వచ్చాడు. పొడుగ్గా, పాలిపోయి, పాపం నిజంగానే బాధపడుతున్నవాడిలా ఉన్నాడు. ఆనాటి దొరల తరఫున క్షమాపణ చెప్పడానికి వచ్చాడట. ఇంటి లోపల అత్తను పీట మీద కూర్చోబెట్టి, ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంటాడు, గుమ్మం బయటి నుంచి కెమెరాలవాళ్ళు తీసుకుంటారు అని ముందే ఏర్పాటైంది. ఎవరెక్కడ నిలబడాలో నేల మీద సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టారు.

మేస్త్రీ కూతురు అత్తను నడిపించుకుని వచ్చింది. రోజూ వేసుకునే బట్టల్లోనే వచ్చింది. పెద్దసారు కంగారుగా, "కుట్టించినవి ఏవీ?" అన్నాడు చెవిలో.

"ఇస్త్రీకి ఇచ్చానండి."

"ఇంకా రాలేదా?"

"రావండి."

అత్త రిబ్బను కత్తిరించింది. చప్పట్లు కొట్టారు. తల ఎత్తి ముందు కప్పు చూసింది, తర్వాత చూరు, తర్వాత గుమ్మం. గడపను చెప్పు కొసతో తడిమి చూసింది. మేనల్లుడి వైపు తిరిగి, "కప్పు ఇంకాస్త ఏటవాలుగా ఉండేదిరా. సర్లే, బావుంది," అంది. అప్పుడు గోడ మీద తన ఫోటో కనిపించింది. కాసేపు దాని వంకే చూసి, "ఎంత మురికిగా ఉన్నానో," అని లోపలికి నడిచింది.

కూతురు ఆవిణ్ణి గడప దాటించి బయటకు వచ్చేసింది. అతిథి మెడలో బట్ట సరిచేసుకుని ఒక అడుగు ముందుకు వేశాడు. తలుపు మెల్లగా, ఏ తొందరా లేకుండా, ఆయన ముఖం మీదే మూసుకుంది. లోపల కర్ర గడియ జరిగిన చప్పుడు హాలంతా వినిపించింది.

పెద్దసారు నవ్వు ముఖానే ఉంది, కింద కాళ్ళు మాత్రం పరుగెడుతున్నాయి. మేస్త్రీ దగ్గరకు వచ్చి పళ్ళ మధ్య నుంచి అన్నాడు. "తీయమనండి."

"ఆవిడ ఇల్లండి. కట్టినంత మాత్రాన తీయమనే హక్కు నాకెక్కడిది?"

"ఇలా మోసం చేస్తారా?"

"మోసం మా తాత చేశాడండి. నేను చెప్పే చేశాను."

అతిథి పక్కన ఇద్దరి భాషా తెలిసిన దుబాసీ ఒకతను ఉన్నాడు. అతనితో అతిథి ఏదో గుసగుసలాడి, తనే వచ్చి తలుపు మీద వేళ్ళతో మెల్లగా తట్టాడు. తలుపు కొట్టడం తెలిసినవాడే.

"ఎవరూ?" అంది లోపలి నుంచి అత్త.

"అమ్మా," అన్నాడు దుబాసీ గొంతు సవరించుకుని, "వీరు ఆ దేశం నుంచి వచ్చారు. మీకు జరిగినదానికి క్షమాపణ చెప్పుకోవడానికి వచ్చారు."

లోపల పీట జరిగిన చప్పుడైంది.

"ఇంట్లో మగాళ్ళెవరూ లేరు నాయనా. తర్వాత రండి."

జనంలో ఎవరో ఫక్కుమన్నారు. ఆ నవ్వు అంటుకుని హాలు అటు చివరి దాకా పోయింది. దుబాసీ నోరు తెరిచి, మూసి, అతిథికి ఏం చెప్పాలో తోచక నిలబడ్డాడు. అప్పుడు మేస్త్రీ కూతురు ముందుకు వచ్చింది. అతిథికి ఆయన భాషలోనే చెప్పింది. చెప్పి, అదే మాట జనం వైపు తిరిగి తన భాషలో అంది.

"పరాయివాళ్ళు తలుపు కొడితే మా ఇళ్ళలో ఆడవాళ్ళు చెప్పే జవాబు ఇది. వీళ్ళ దేశంవాళ్ళు దీన్ని ఇంతకుముందు వినలేదు. ఎందుకంటే అప్పుడు కొట్టడానికి తలుపు లేదు."

ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. అతిథి మెడ దాకా ఎర్రబడ్డాడు. కెమెరావాళ్ళకు ఏం తీయాలో తెలియక తలుపునే తీశారు.

పెద్దసారు ఇంజనీరును పిలిచి బందులు ఊడదీయమన్నాడు. ఇంజనీరు వంగి, తడిమి, "లోపలున్నాయి సార్," అన్నాడు. గోడ పగలగొట్టడమా, అన్ని కెమెరాల ముందా? "అయితే లేపండి ఆవిణ్ణి. పెద్దావిడ, లోపల ఏమైనా అయితే ఎవరిది బాధ్యత?" అన్నాడు పెద్దసారు.

లేపండి అని ఎందుకన్నాడో అప్పటికే అందరికీ వినిపిస్తోంది. గురక. మొదట చిన్నగా, ఆగి ఆగి, తర్వాత ధాటీగా. రంపం పట్టినట్టు, ఏ బెదురూ లేని గురక.

హాలు కాపలావాడు ఆజ్ఞ విన్నాడు. పాపం వాడి పని వాడిది. చేతిలో కర్రెత్తి, కొసతో తలుపు మీద కొట్టడానికి ముందుకు వంగాడు. టక్కుమనకముందే ఆ కర్ర మేస్త్రీ పిడికిట్లో ఉంది.

"కొట్టకు," అన్నాడు మేస్త్రీ.

"సారు చెప్పారు."

"మా నానమ్మ దగ్గరా ఎవరో సారే చెప్పాడు. కర్ర వదులు."

ఇద్దరూ ఒక క్షణం అలా పట్టుకుని నిలబడ్డారు. కాపలావాడు గోడ మీది ఫోటో చూశాడు, అందులో అడ్డకర్రల పక్కన నిలబడ్డ తనలాంటివాణ్ణి చూశాడు. కర్ర వదిలాడు. మేస్త్రీ దాన్ని తిరగేసి గోడకానించాడు.

కూతురు పెదాల మీద వేలు పెట్టి, గైడు గొంతు బాగా తగ్గించి చెప్పింది. "ఇక్కడ ఒకరు నిద్రపోతున్నారు. దయచేసి పక్క హాలు చూడండి."

ఆఫీసరమ్మ అందరికంటే ముందు కదిలింది. చెప్పుల చప్పుడు కాకుండా మడమలెత్తి నడిచింది. ఆవిణ్ణి చూసి ఇంకొందరు నడిచారు. అతిథి సుద్ద గుర్తు మీదే చాలాసేపు నిలబడి, దుబాసీ చెయ్యి తగిలిస్తే వెళ్ళాడు. పెద్దసారు మాత్రం వెళ్ళలేదు. కమిటీ అన్నాడు, రేపన్నాడు, మీ అమ్మాయి అన్నాడు. తలుపు తీయించి తీరతానన్నాడు.

"తీయించండి," అన్నాడు మేస్త్రీ. "మళ్ళీ పెడతాను. తీసేవాడికి జీతమివ్వాలి మీరు. నాకు గడియ చెక్కడానికి కర్ర చాలు."

గడప మీద కూర్చుని, వీపు తలుపుకు ఆనించాడు. జేబులోంచి బీడీ తీశాడు, పొగతాగరాదన్న బోర్డు చూసి చెవి మీద పెట్టుకున్నాడు. కూతురు వచ్చి పక్కన కూర్చుంది, మెళ్ళో కార్డు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా గోడంత ఎత్తున ఆ పసిపిల్ల కళ్ళు వాలిపోతూ, వాలకుండా ఉన్నాయి. వీపు వెనక చెక్క సన్నగా అదురుతోంది, గురకకు.

"ఎంతసేపు పడుకుంటుందంటావు?" అంది కూతురు.

"పడుకోనీ. ఆవిడకి చాలా బాకీ ఉంది."